దూరపుఁ గొండల నునుపు: మనుచరిత్రమున నాగంతుకుఁడును గొండవారును

మనుచరిత్రమును గూర్చి మన విమర్శకులు వ్రాసినది తక్కువ కాదు. అందును ద్వితీయాశ్వాసమునందలి వరూధినీప్రవరుల సంవాదమును ముట్టని పండితుఁ డరుదు. విశ్వనాథ సత్యనారాయణగారు “అల్లసానివారి అల్లిక జిగిబిగి” యని యొక గ్రంథమునే రచించిరి. నేను జదివినంతవఱకు విమర్శకులలోఁ బెక్కండ్రు రెండు ప్రశ్నములనే యడిగిరి. ప్రవరుని నిష్ఠ యెంతటిది? వరూధినీగతమైన రతి శృంగారమా, శృంగారాభాసమా? మొదటిది ధర్మశాస్త్రమునకును, రెండవది యలంకారశాస్త్రమునకును జెందినవి. మూఁడవ ప్రశ్న మొకటి కావ్యమునందే యుండియు నడుగఁబడక మిగిలినది. ఆకొండ యెవరిది? వచ్చినవాఁ డెవఁడు? వానిం జూచినపు డచ్చట నున్నవారి మనస్సున నేమి పుట్టినది?

ఈ ప్రశ్నమును నేను శాస్త్రగ్రంథములనుండి తెచ్చుకొనలేదు. నేను నివసించునది రంగారెడ్డిజిల్లాలోని రావిర్యాల. ఇది కొండసీమ కాదు. బండరాతిగుట్టలును, నొక చెఱువును, మెట్టచేలును గల దక్కను పల్లె. 2008వ సంవత్సరమున శంషాబాదున విమానాశ్రయము తెఱవఁబడినది. హైదరాబాదును జుట్టివచ్చు ఔటరు రింగు రోడ్డు మాయూరిప్రక్కగాఁ బోవుచున్నది. సమీపముననే వినోదోద్యాన మొకటి వెలసినది. ఆదివారమువచ్చిన బండ్లు బారులు దీఱును. ఒకనాఁడు మాయింటి యరుగుపైఁ గూర్చుండి నలుగురు విద్యార్థుల కీఘట్టమునే చెప్పుచుంటిని. ఒక కారు నిలిచినది. అందుండి యొక పడుచువాఁడు తల వెలుపలికిఁ జాఁపి, “అంకుల్, ఇక్కడ దగ్గర్లో ఊరేమైనా ఉందా? టీ తాగాలి” అని యడిగెను. కారు నిలిచినది మాయూరి నడివీధిలో. పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. వానికిఁ గొట్టు చూపితిని. వాఁడు మంచివాఁడే, నమస్కరించి పోయెను.

ఆ టీకొట్టువాఁడు మాకు దూరపు బంధువు. వాని కుటుంబ మీబండ్లవలననే గడచుచున్నది. సాయంకాలమునకు వీధిలో మిగిలిన కాగితపు గ్లాసుల నూడ్చుచు వాఁడే తిట్టును. “రాకుంటె బత్కలేము, వస్తె ఉండలేము” అని వాఁ డొకనాఁ డన్నమాట నామనస్సున నిలిచిపోయినది. ఆదినమున నేను దిరిగి పుస్తకమును జేతఁబట్టఁగాఁ బ్రవరుఁడు వరూధిని నడిగిన మొదటిమాట నాకు వేఱుగా వినఁబడినది. ఊరి నడుమ నిలిచి యూ రున్నదా యని యడుగుట యొక్క మా వీధిలోనే పుట్టినది కాదు.

శబ్దములతో మొదలిడుట మావంటివారి వాడుక గనుక వానినే ముందు విచారింతును. అతిథిశబ్దము నిరంతరగమనార్థకమైన ‘అత’ ధాతువునుండి యుణాదిప్రత్యయముచే సిద్ధించినది. అనఁగా నతిథిలక్షణము వచ్చుట గాదు, సాఁగిపోవుట. మనువును నొక్కరాత్రి నిలిచి పోవువానినే యతిథి యనెను. అమరసింహుఁ డీయర్థముననే ఆవేశికశబ్దమును జదివెను. అందున్నది ఆవేశము, లోనఁ జొచ్చుట దాని యర్థము. సంస్కృతమున నందు నింద లేదు. మన పల్లెలలో మాత్ర మావేశించునవి గ్రహములు, భూతములు. ఇంటికి వచ్చినవాఁ డొక్కఁడే. పోవువాఁడని యొకపేరు, చొచ్చువాఁడని యొకపేరు. తెనుఁగున ‘విందు’ అనునది వచ్చినచుట్టమునకుఁ బేరు, ఆతనికిఁ బెట్టు భోజనమునకును బేరు. అదే తెనుఁగున ‘చుట్టపుఁజూపు’ అన్న నించుక యెత్తిపొడుపు. ఆదరమును నొవ్వును నొక్కచోటనే యుండుట భాష యెఱిఁగిన విషయమే.

పాణిని చతుర్థాధ్యాయమున ‘దానియందు సాధువు’ అను నర్థమునఁ బథి, అతిథి, వసతి, స్వపతి శబ్దములకు ఢఞ్‌ప్రత్యయమును విధించెను. పాథేయము, ఆతిథేయము, వాసతేయము, స్వాపతేయము. త్రోవ, వచ్చినవాఁడు, బస, సొమ్ము. సూత్రకారుఁడు ప్రత్యయసామ్యముచే వీనిని గూర్చెనే కాని యర్థసంబంధమును వివక్షింపలేదు. వైయాకరణుఁడ నయ్యు నింతకుమించి చెప్పుట నాకుఁ దగదు. అయినను నేఁటి పర్యాటకవ్యాపారమంతయు నానాలుగుమాటలలో నిమిడినదని పాఠము చెప్పునపుడెల్ల నాలో నేను నవ్వుకొందును. వచ్చినవాఁ డున్నాఁడు, వానికిఁ గావలసినవెల్ల నున్నవి. లేనివాఁ డాచోటఁ బుట్టినవాఁడు.

ఇఁక కావ్యమునకు వత్తము. అరుణాస్పదపురవాసియగు ప్రవరునిఁ బెద్దన మొదట నాతిథేయునిగాఁ జూపెను. తీర్థవాసులు వచ్చినఁ బూజించి, భోజనముపెట్టి, వారు చూచిన క్షేత్రముల వార్త లడుగుట, ఎంతదూరమని తెలిసికొనుట, తాను బోఁజాలమికి నిట్టూర్చుట యాతని దినచర్య. ఇంటికి వచ్చినవానియెడ నేలోపమును లేదు. లోపము ప్రశ్నలలో నున్నది. ఆతఁ డడుగునవి స్థలములు, దూరములు, వింతలు. ఆకొండలపై నెవ రుందురు, వారేమి తిందురు, తీర్థవాసుల రాకపోకలు వారికి మేలా కీడా యని యడుగఁడు. దూరపుఁ గొండలు నునుపను సామెత కన్నులకేకాక చెవులకును జెల్లును. చూచివచ్చినవాఁడు చెప్పునపుడును గొండ నునుపుగానే యుండును. ఱాళ్లు కాళ్లకుఁ దెలియును, ఆకాళ్లు కథ చెప్పవు.

తర్వాత సిద్ధుఁడు వచ్చెను, పాదలేపము నిచ్చెను. మాయూరిమీఁదుగా విమానము దిగునపుడెల్ల నాకాపసరు జ్ఞప్తికి వచ్చును. నడచివచ్చు యాత్రికునకుఁ ద్రోవపొడుగున మనుష్యు లుందురు. నీరిచ్చినవాఁ డొకఁడు, అరుగు చూపినది యొకతె, తప్పుత్రోవ చెప్పినవాఁడు మఱియొకఁడు. కొండకుఁ జేరునప్పటికి వాఁ డాసీమకుఁ గొంత బంధువైయుండును. పసరు పూసికొని వచ్చినవానికి నడుమ నొక్కఁడును లేఁడు. మంచుచేఁ బసరు కరఁగినంతనే ప్రవరుఁడు పోఁగొట్టుకొన్నది మార్గమును మాత్రమే కాదు. ఆమార్గమున నుండవలసిన మనుష్యులు మొదటినుండియు నాతనికి లేరు. 2013వ సంవత్సరము జూన్ నెలలోఁ గేదారమున వఱదలు వచ్చినపుడు మన తెలుఁగువారును బెక్కం డ్రచటఁ జిక్కుకొనిరి. దారులు తెగినవి, వాహనములు నిలిచినవి. అప్పు డాకొండయూళ్లవారు తమ గింజలు వండి వచ్చినవారికిఁ బెట్టిరి. అంతకుమున్ను వారి యూళ్ల పేరులు మనవారిలో నెందఱు విని యుందురు?

మహాకావ్యమున వర్ణింపఁదగినవానిలో దండి నగరమును, సముద్రమును, ఋతువులను, శైలమును జెప్పెను. శైలమున నుండువారిని వేఱుగాఁ జెప్పలేదు. పెద్దనయుఁ బ్రవరునిచే నాక్రమముననే చూపించెను. శిఖరములు, సెలయేళ్లు, నెమళ్లు, ఏనుఁగులు. మనుష్యుఁ డాచూపునఁ బడలేదు. త్రోవ తప్పినపిమ్మటఁగాని ప్రవరునకు మనుష్యులతోఁ బనిపడలేదు. అప్పుడు వారి యునికి యాతని కంటికిఁ గాక ముక్కునకుఁ దెలిసినది: కస్తూరియుఁ గర్పూరమును గలసిన తాంబూలపుఁ దావి గాలిలో వచ్చినది. తాంబూలము మన యిండ్ల మర్యాదకు గుఱుతు. ఇచ్చట నొక యిల్లున్నది, వచ్చినవారి నాదరించువా రున్నారని కవి ముందుగా సూచించిన యీసూచనను వ్యాఖ్యాతలు పరిమళముగానే వివరించి విడిచిరి.

వరూధిని యాతనిం జూచి లేచెను. లేచి, పూచిన పోకమ్రాని నొకదానిం జేరి నిలిచెను. లేచుట యాదరము. ఎదురుపోక మ్రానికడ నిలుచుట సంకోచము. ఒక్క పద్యమునఁ బెద్దన యీరెంటిని నిలిపెను. మాయూరఁ గ్రొత్తకారు నిలిచినపు డిండ్లనుండి వెలికివచ్చి గడపకడ నాఁగు వారిని నేను జూచుచున్నాను. ఆయాఁగుటకు వేఱొక వ్యాఖ్య నాకు దొరకలేదు.

ప్రవరుఁ డామె యెవతెయని యడిగెను. తోడులేక యడవిలో నేల తిరుగుచున్నదని యడిగెను. తర్వాతఁ దన పేరు చెప్పికొని, క్రొవ్వి యీకొండ యెక్కి త్రోవ తప్పితినని యొప్పికొని, యూరికి దారి చూపుమని వేఁడెను. ఆతని భయమును దెచ్చి యామె కన్నులపై మోపుటలోని చమత్కారమును బెద్దలు గుర్తించిరి. నేను జూపఁదలఁచినది యంతకంటె సామాన్యమైనది. ఆమె తన కొండపైఁ దాను దిరుగుచున్నది. ఆతఁడు పరుల కొండపై నున్నాఁడు. ‘నీ వెవతెవు, ఇచ్చట నీకేమి పని’ యని యడుగు హక్కు న్యాయముగా నామెది. దాని నాతఁడు ముందే వాడుకొనెను. ఆతనియందు దుర్బుద్ధి లేదు. అలవాటుచొప్పునఁ దా నున్నచోటే నట్టనడుమ యనుకొనెను. ‘క్రొవ్వి’ యని ప్రవరునిచేతనే యనిపించుటఁ బెద్దన న్యాయబుద్ధి. ఆతని తప్పును బరులు చెప్పలేదు. ఆతఁడే చెప్పెను, చెప్పియు దాని యర్థము నెఱుఁగఁడయ్యెను.

వరూధిని ప్రత్యుత్తరమే యీఘట్టమునకు మర్మము. అంతకన్నులు గలవాఁడవు త్రోవ నడుగనేల, వచ్చినదారి తెలియదా, ఒంటరిగా నున్న యాఁడువారితో మాటలాడుటకు నెపముకాదా యని మొదట నెగతాళిచేయును. ఆనెగతాళి నడుమ నొక ముల్లు గలదు: వెఱపులేక పలుకరించుటకుఁ దా మంత చులకనయైతిమా యని. వెంటనే తన కులమును, చెలులను, కొండను గూర్చి గర్వముతోఁ జెప్పును. ఆవెంటనే యాతనిఁ దమ యింటికి వచ్చిన విందుగా నెంచి సత్కారములు గైకొమ్మనును. అమర్షము, గర్వము, హర్షము, ఔత్సుక్యము ఒకదాని వెనుక నొకటి, ఒకదానిలో నొకటి వచ్చినవి. మమ్మటుఁడు భావోదయమును, భావశాంతిని, భావసంధిని, భావశబలతను వేఱువేఱుగాఁ జెప్పెను. ఇచ్చట నున్నది భావశబలత. దీనిని రత్యంగముగా మాత్రమే వివరించువారు చులకన యను ముల్లును శృంగారవిలాసములోఁ గలిపివేయుదురు. రతి ప్రసక్తి లేని చోటులందు నీశబలతయే యిదే వరుసలోఁ గనఁబడుచున్నది. మా టీకొట్టువానిమాటలో రతి యెక్కడిది?

ప్రవరుని బదులు వినుఁడు. చేయునట్టి యుపచారములు చేసినట్లే యనెను, తాను బోవలెననెను, ఆమెయొద్ద మహిమ యున్నయెడలఁ దన్ను నిలుసేర్పుమనెను. కొండను జూచెను, కొండవారియొద్ద నన్నము వలదనెను, కొండవారినుండి దారిమాత్రము కోరెను. ఇంట నిచ్చుట నేర్చినవాఁడు, కొండపైఁ బుచ్చుకొనుట నేర్వలేదు. ఇచ్చువానికిఁ జేయి పైన నుండును. పుచ్చుకొనుటయం దొదుగుట కావలెను. ఉత్తముఁడైన గృహస్థుఁడే యతిథియైనపుడు తడఁబడుట పెద్దన కనుగొన్న సత్యము. ఇదియే యీఘట్టమునకుఁ బ్రాణమని నాయభిప్రాయము.

దీనికి నాక్షేపణలు రాఁగలవు. వరూధిని యప్సరస, ఆమెకు లేమి యెక్కడిది? రత్నగృహవాసినిని నేఁటి గిరిజనస్త్రీతోఁ బోల్చుట తగునా? తగదు. ఆకలి విషయమున నీపోలిక నిలువదు. ఆమెయొద్దకు వచ్చినవాఁడు కొనుటకు రాలేదు, ఆమె యమ్ముకొని బ్రదుకవలసినది కాదు. మఱియొక యాక్షేపణ ధర్మమును బట్టినది. ప్రవరున కగ్నిహోత్రము గలదు, ముదుసలి తలిదండ్రులు గలరు, పరస్త్రీ ప్రార్థన గలదు. ఆతఁడు నిలుచుట యెట్లు? నిలువరాదు. నే నాతనిఁ బోవలదనలేదు. ఆతఁడు పోవుటయందు దోషము లేదు. వచ్చుటయందును, అడిగిన తీరునందును నున్నది. ఆతని నిష్ఠను బొగడుటకు వరూధిని గౌరవమును దగ్గింపనక్కఱలేదు. పెద్దన దగ్గింపలేదు.

దగ్గింపలేదని తెలియుటకుఁ దరువాతి కథయే సాక్షి. ప్రవరుఁడు పోఁగానే కవి యామెను విడిచిపెట్టలేదు. ఆమె దైన్యమును, విషాదమును నంతవిరివిగా వ్రాసెను. ఆపిమ్మట నామెచే మున్ను తిరస్కరింపఁబడిన గంధర్వుఁడు ప్రవరుని రూపము ధరించి వచ్చెను. ఇతనిని మనము మాయాప్రవరుఁ డనుచున్నాము. మొదటివాఁడు వచ్చినది చూచిపోవుటకు; రెండవవాఁడు చొచ్చుటకు వచ్చెను, ఆవేశికుఁడు. ఆమె కోరిన రూపమునే తాల్చి, కన్నులు మూసికొనుమని నియమము పెట్టి, తన పని తీర్చికొని, నెపము పన్ని వెడలిపోయెను. కొండవారికి నిజముగాఁ గీడుచేయువాఁడు క్రొత్తవాని వేషమున వచ్చువాఁ డరుదు. తెలిసినవాని పేరుతో వచ్చును.

మన్నెపుసీమల చరిత్రము దీనికి నిదర్శనము. 1839వ సంవత్సరపు 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము మండలముల కొండప్రాంతములు కలెక్టరునకు ‘ఏజెంటు’ హోదాలో నప్పగింపఁబడినవి. అప్పటినుండి మన్నెమునకు ‘ఏజెన్సీ’ యని పేరు నాటుకొన్నది. వచ్చిన యుద్యోగి పేరు నేలకుఁ బేరైనది. ఇట్టి లక్షణ మేయలంకారగ్రంథమునను నేను జదువలేదు. అచ్చటి భూములు గిరిజనేతరుల చేతికిఁ బోకుండ 1959లో నొక రెగ్యులేషను వచ్చినది. దానిని గట్టిపఱచి 1970లో వచ్చినదానిని జనులు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యందురు. చట్ట మట్లున్నను గిరిజనుని పేర కాగితము వ్రాయించి తా ననుభవించువాఁడు పుట్టెను. వానికి బినామీ యని పేరు. పేరొకనిది, భోగ మొకనిది. మాయాప్రవరుని కింతకంటె సరియైన యర్థము వ్రాయలేను. 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. ఆ వ్యాజ్యము పుట్టినది బొఱ్ఱాగుహలున్న యనంతగిరి మండలపు గనుల గుత్తలవలన. తీర్పులో నొక భాగము శబ్దార్థనిర్ణయమే. రెగ్యులేషనులోని ‘వ్యక్తి’ యను మాటలోఁ బ్రభుత్వమును జేరునా? చేరునని న్యాయమూర్తులు నిర్ణయించిరి; కావున షెడ్యూల్డు ప్రాంతపు భూమిని బ్రభుత్వమే యైనను గిరిజనేతరులకు గుత్త కియ్యరాదనిరి. ఒక్కశబ్దముయొక్క శక్తినిర్ణయముచే నొకకొండ నిలిచినదని నేను విద్యార్థులకుఁ జెప్పినపుడు వ్యాకరణము నెందుకు చదువవలెనని యడుగువారు కొంచెము తగ్గిరి.

మనుచరిత్రము చివర సంగతియు నీసందర్భముననే చెప్పవలెను. వరూధినికిఁ బుట్టినవాఁడు స్వరోచి. కావ్యమునకుఁ బేరిచ్చిన మనువు, స్వారోచిషుఁడు, ఆస్వరోచికిఁ దన మువ్వురు భార్యలయందుఁ బుట్టినవాఁడు కాఁడు, వనదేవతయందుఁ బుట్టినవాఁడు. లేడియై వచ్చి యడిగిన వనదేవతకు! ఈకథ మార్కండేయపురాణమునుండి వచ్చినది, పెద్దన కల్పన కాదు. కాని మనుచరిత్ర మనఁగాఁ బ్రవరుని చరిత్రమని మనము బడులలో నూరూర చెప్పుచున్నాము. మనువు తల్లి యడవి.

కొండకు వచ్చినవాఁడు చూచిపోవుట, మోసగించిపోవుట కాక మూఁడవ మార్గ మొకటి మన దేశముననే గలదు. అహోబిలమున నారసింహుఁడు చెంచులక్ష్మిని బెండ్లాడెనను కథ యందఱెఱిఁగినదే. అచ్చటి పారువేటయుత్సవము సంక్రాంతివేళ మొదలగును. ఉత్సవమూర్తులు నలువదిదినములకు దగ్గఱగాఁ జుట్టుపట్ల యూళ్లు దిరుగును. చెంచులు మామలు, స్వామి యల్లుఁడు. బ్రహ్మోత్సవమునకుఁ దన పెండ్లికి రమ్మని యత్తవారిని బిలుచుటకుఁ దానే పోవునని యచ్చటివారి నమ్మకము. వచ్చినవాఁడు దేవుఁడే యైనను నేఁటేఁట నింటింటికిఁ బోయి పిలువవలెను. శ్రీశైలమునను మల్లన్న చెంచువారియల్లుఁడు. ఆకొండకుఁ బోవు యాత్రికులకు దారిచూపి, కావలికాచి, డోలీలు మోసి కొంత పుచ్చుకొనుట చెంచులకుఁ జిరకాలపు వాడుక. అది భిక్షము కాదు, యల్లునివైపువా రిచ్చు మర్యాద.

ఆవాడుక దినములలోనే యాకొండలను జూచినవారు ఏనుఁగుల వీరాస్వామయ్యగారు. 1830 మే నెలలోఁ జెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి అహోబిలమును శ్రీశైలమును సేవించిరి. 1838లో నచ్చయిన ఆయన కాశీయాత్రచరిత్రమునఁ గవిత్వము లేదు. త్రోవ యెట్టిది, బస యెక్కడ, నీరు మంచిదా, సుంక మెవఁడు గైకొనును, ఆయూర నేకులములవా రేపనిచేసి బ్రదుకుదురు: ఇవియే యున్నవి. ప్రవరుఁ డడుగని ప్రశ్నములన్నియు నాయన యడిగిరి. పల్లకిలోఁ బరివారముతోఁ బోయినవారే, నడచినవారు కారు. అయినను నేలకు దగ్గఱగాఁ బోయిరి. ప్రబంధమున లేని కొండవాఁడు వచనమున నుండుటకు వచనము కారణమో, పల్లకి కారణమో పండితులు విచారింతురుగాక.

నేఁటి పర్యాటకుల కరపుస్తకములు వీరాస్వామయ్యగారి మార్గమును విడిచి మఱలఁ బ్రవరునిత్రోవఁ బట్టినవి. జలపాతము గలదు, గుహ గలదు, కాఫీతోటలు గలవు, గిరిజననృత్యము గలదు: అన్నింటికి నొక్కటే క్రియ. మనుష్యులు చేయు నాటయు ఱాతిలోఁ బుట్టిన గుహయు నొకేవాక్యమున సమానాధికరణముగా నిలిచినవి. ఆడువారు కర్తలు కారు. ఆట కలదు, అంతియే.

నేను గూడ నాకరపుస్తకముఁ బట్టుకొనియే యరకునకుఁ బోయితిని. 2017లో విశాఖపట్టణమునుండి యద్దపుఁగప్పుగల రైలుపెట్టె నడుప మొదలిడిరి. కొన్నేండ్ల క్రిందట శీతకాలమున మిత్రులైన పండితులు మువ్వురతో నందెక్కితిని. సొరంగములు, లోయలు, పొగమంచు. పెట్టెయందఱును బైకిఁ జూచుచుండిరి. త్రోవలోని స్టేషనులలో బుట్టలు దించుకొని కూర్చున్నవారిని జూచుటకుఁ గ్రిందికి వంగవలెను. సాయంకాలము మేము దిగిన బసలో ధింసా యాడించిరి. తుడుము, డప్పు, మోరి వాయించుచుండఁగా స్త్రీ లొకరి నడుము వెనుక నొకరు చేతులు పెనవేసికొని వంకరవరుసగాఁ గదలిరి. అది పెండ్లిండ్లలోను, చైత్రపుఁ బండుగలలోను నాడునది. ఇచ్చట నరగంటలో ముగిసినది. కొందఱు ప్రేక్షకులు లేచి వరుసలోఁ జొచ్చి ఫోటోలు దీయించుకొనిరి. ఆడువారు చోటిచ్చిరి, నవ్విరి.

ఆట ముగిసినపిదప నే నొక నడివయసు స్త్రీని బలుకరించితిని. వినయముగానే యడిగితి ననుకొంటిని: అమ్మా, మీరెవరు, ఏ కులంవారు, ఈయడవిలో భయం లేదా యని. ఆమె నాపంచెను, నుదుటిబొట్టును జూచి, “మేమిక్కడోళ్లమే బాబూ. మీదే ఊరు? ఎవరింటికొచ్చినారు?” అనెను. పల్లెలో గ్రొత్తవాఁడు కనఁబడిన నడుగు మాట యిది. మా రావిర్యాలలోను నాచిన్ననాఁడు దీనినే యడిగెడివారు. నేను నెవరింటికిని రాలేదు. బదులు తోఁపలేదు. రావిర్యాల యని చెప్పి, హైదరాబాదు విమానాశ్రయము దగ్గఱ యని కలిపితిని. “విమానాలకాడ చెవులు చిల్లులు పడవా బాబూ?” అని జాలిపడినది. ఆటకు వచ్చు డబ్బు మంచిదేనా యని యడిగితిని. మంచిదే, పిల్ల చదువుకొనుచున్నది, అక్కఱకు వచ్చుననెను. పెండ్లిలో నాడునపుడు తెల్లవాఱువఱకు నాడుదుమని, అక్కడ నెవరును గడియారము చూడరని తానై చెప్పినది. ఆరెండుమాటల నడుమ ‘కాని’ యను సముచ్చయమును నామె వాడలేదు.

బసకు వచ్చి పడుకొంటినేకాని నిద్రపట్టలేదు. నలువదియేండ్లుగాఁ బాఠము చెప్పుకొన్న ప్రశ్నమునే, ఆతప్పుతోనే, ఆవరుసలోనే నేనడిగితినికదా! ఆమె యడిగినదానికి మనుచరిత్రమున బదులున్నది. ఎవరింటికి వచ్చితివని వరూధిని ప్రవరుని నడుగలేదు. ఆబదులులేని సంకటమును దప్పించి, తమ యింటికే వచ్చితివని తానే చెప్పినది. ఆమాటకుఁ బ్రవరుఁడు చెప్పిన ‘చేసినట్లే’ యను బదులును దైవభక్తుని వినయముగా నింతకాలము వ్యాఖ్యానించితిని.

ఇప్పుడు నేనీపాఠమును మొదలిడునపుడు హిమవద్వర్ణనమునకంటె ముందుగాఁ దాంబూలపుఁదావి పద్యమును జదివించుచున్నాను. సమాసములు దీర్ఘములు, విగ్రహవాక్యములకే యొకదినము పట్టును. చులకనయను మాట వచ్చుచోట మాత్రము మాయూరి పిల్లలకు టీక చెప్ప నక్కఱపడుట లేదు.